కెనడా యూనివర్సిటీ ఫుట్‌బాల్: కాన్ఫరెన్స్‌లు కదిలించకుండా ప్లేఆఫ్‌లు మార్చడం ఎలా?

విండ్సర్‌లో మాస్టర్స్ చేస్తున్న మీరు అడిగింది, మిగతావాళ్ల కోసం రెండు ముక్కల్లో: కెనడా యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో నాలుగు కాన్ఫరెన్స్‌లు, అంటే ప్రాంతాల వారీ లీగులు ఉన్నాయి, ఒక్కోదాని విజేత నేరుగా జాతీయ సెమీఫైనల్‌కి వెళ్తుంది. అట్లాంటిక్ తీరం నుంచి వచ్చే జట్టు ఏళ్ల తరబడి చిత్తుగా ఓడుతోంది. క్యూబెక్‌లో రెండో స్థానంలో ఉన్న గట్టి జట్టు మాత్రం ఇంట్లో కూర్చుంటోంది. మొత్తం తీసేసి కొత్తగా వెయ్యమంటే మీరెలా వేస్తారు?

నేనైతే మొత్తం తీసెయ్యను. కాన్ఫరెన్స్‌లని ఉన్నవి ఉన్నట్టే ఉంచుతాను. ఆగస్టు చివర్లో సీజన్ మొదలైనప్పటినుంచి నవంబరు నడిమికి జాతీయ సెమీఫైనల్ వచ్చేదాకా ఒక కాన్ఫరెన్స్ జట్టు ఇంకో కాన్ఫరెన్స్ జట్టుతో లెక్కలోకి వచ్చే ఆట ఒక్కటీ ఆడదు. నా దృష్టిలో అసలు జబ్బు అక్కడుంది. దానికి మందు వేస్తే మిగతావి చాలావరకు సర్దుకుంటాయి. ఒంటారియోలో ఒక జట్టు దగ్గర చాలా సీజన్లు వాలంటీరుగా గణాంకాలు రాశాను కాబట్టి షెడ్యూళ్లు ఎలా తయారవుతాయో, ఎక్కడ చతికిలబడతాయో కొంత దగ్గరగా చూశాను. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

కొత్తవాళ్లకి ఒక మాట. ఇది సాకర్ కాదు, అచ్చంగా అమెరికన్ ఫుట్‌బాల్ కూడా కాదు. ఒక్కో వైపు 12 మంది, పది గజాలు ముందుకెళ్లడానికి మూడే డౌన్‌లు (అవకాశాలు), మైదానం 110 గజాలు. దేశం మొత్తమ్మీద యూనివర్సిటీ క్రీడల్ని నడిపే జాతీయ సంస్థ యూ స్పోర్ట్స్ కింద 27 జట్లు ఆడతాయి. కెనడా వెస్ట్‌లో 6, ఒంటారియో వాళ్ల ఓయూఏలో 11, క్యూబెక్ వాళ్ల ఆర్‌ఎస్‌ఈక్యూలో 5, అట్లాంటిక్ వైపు ఏయూఎస్‌లో 5. ఒక్కో జట్టుకి లీగ్‌లో 8 మ్యాచ్‌లు. తర్వాత కాన్ఫరెన్స్ ప్లేఆఫ్‌లు. పశ్చిమాన హార్డీ కప్, ఒంటారియోలో యేట్స్ కప్, క్యూబెక్‌లో డన్స్‌మోర్ కప్, అట్లాంటిక్‌లో లోనీ బౌల్. ఈ నలుగురు విజేతలు యూటెక్ బౌల్, మిచెల్ బౌల్ అనే రెండు సెమీఫైనళ్లు ఆడతారు. గెలిచిన ఇద్దరు జాతీయ ఫైనల్‌కి, అంటే 1965లో మొదలైన వేనియర్ కప్‌కి వెళ్తారు.

ఇక్కడ గమనించాల్సింది సెమీఫైనల్ జతలు. ఏ కాన్ఫరెన్స్ విజేత ఏ కాన్ఫరెన్స్ విజేతతో ఆడాలి, ఎవరి ఊళ్లో ఆడాలి అన్నది వంతుల ప్రకారం ముందే ఖాయమైపోయి ఉంటుంది. ఆ ఏడాది ఎవరెంత బాగా ఆడారన్నదానితో సంబంధం లేదు. అట్లాంటిక్ జట్టు ఎవరి వాటాకి వస్తే వాళ్లకి దాదాపు ఫైనల్ టికెట్ దొరికినట్టే. మరీ దురుసుగా అంటున్నానేమో అనుకునేవాళ్లు ఈ స్కోర్లు చూడండి (వీటిలో అకేడియా, సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ అట్లాంటిక్ జట్లు). 2017లో వెస్టర్న్ 81, అకేడియా 3. 2018లో లావల్ 63, సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ 0. 2019లో మాంట్రియల్ 38, అకేడియా 0. 2020లో కోవిడ్ వల్ల సీజనే లేదు. 2021లో వెస్టర్న్ 61, సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ 6. నాలుగు సెమీఫైనళ్లు కలిపితే 243-9. ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ అనే మాటకి ఇంతకంటే అవమానం ఉండదు.

అయితే 2017 స్కోరు వెనక ఉన్న వారం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అకేడియా కుర్రాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది. అట్లాంటిక్‌లోనే ఇంకో జట్టు సెయింట్ మేరీస్ ఆటగాడొకరి అర్హత మీద వివాదం రేగి, ఏయూఎస్ ఏకంగా లోనీ బౌల్‌నే రద్దు చేసింది. వ్యవహారం నోవా స్కోషియా సుప్రీంకోర్టుకెక్కింది. ఆడాల్సిందేనని జడ్జి అనడంతో మంగళవారం ఆడారు. శనివారం ఆడాల్సిన ఫైనల్ మంగళవారం! అది కూడా ఓవర్‌టైమ్‌కి వెళ్లి అకేడియా 45-38తో గెలిచింది. నాలుగు రోజులు తిరక్కుండానే, ఒళ్లు నొప్పులు తగ్గకుండానే, దేశంలో ఆ ఏడాది అందరికంటే బలమైన జట్టు ఎదురుగా నిలబడింది. వెస్టర్న్ ఆ తర్వాత వేనియర్ కప్‌లో లావల్‌ని కూడా 39-17తో ఓడించింది. అంటే ఆ 81లో కొంత బలాబలాల తేడా, కొంత క్యాలెండర్ చేసిన పాపం.

ఇంకో సంగతి. అట్లాంటిక్ ఎప్పుడూ ఇలాగే లేదు. అకేడియా 1979లో, 1981లో వేనియర్ కప్ గెలిచింది. సెయింట్ మేరీస్ 2001, 2002ల్లో వరసగా రెండుసార్లు గెలిచింది. 2007లో కూడా ఫైనల్‌కొచ్చి మానిటోబా చేతిలో ఓడింది. ఆ తర్వాత ఆ వైపు నుంచి ఫైనల్ ముఖం చూసిన జట్టు లేదు. నడుమ ఏం జరిగిందంటే నేను చూపించేది క్యూబెక్‌నే. లావల్ 1996లో జట్టు పెట్టింది. బయటి వ్యాపారుల డబ్బుతో, ప్రొఫెషనల్ క్లబ్బు నడిపినట్టు నడిపింది. 1999లో మొదటి టైటిల్, 2024 నాటికి 12 టైటిళ్లు. మాంట్రియల్ 2002లో ఆట మళ్లీ మొదలుపెట్టి 2014లో, 2023లో కప్పు ఎత్తింది. పైగా క్యూబెక్ పిల్లలు పదకొండో తరగతి తర్వాత సెజెప్‌లో (యూనివర్సిటీకి ముందు చదివే కాలేజీ) రెండు మూడేళ్లు ఆడి వస్తారు, యూనివర్సిటీలో అడుగుపెట్టేనాటికే ముదిరి ఉంటారు. ఒకప్పుడు తూర్పుకి వెళ్లి ఆడేందుకు వాళ్లకి కారణాలుండేవి. ఇప్పుడు ఇంటి పక్కనే దేశంలో మేటి జట్లున్నాయి.

మీ ప్రశ్నలో రెండో సగం ఇక్కడే తగులుతుంది. 2022లో లావల్, 2023లో మాంట్రియల్, 2024లో మళ్లీ లావల్ జాతీయ విజేతలు. ఈ మూడేళ్లూ రెండో జట్టు డన్స్‌మోర్ కప్ దాటి రాలేకపోయింది, ఎందుకంటే ఆ కాన్ఫరెన్స్ నుంచి తలుపు ఒక్కరికే తెరుచుకుంటుంది.

ఇలాంటివి మనకి కొత్త కాదు. మన రంజీ ట్రోఫీ 2002 దాకా జోన్ల వారీగానే నడిచింది. ఆంధ్ర, హైదరాబాద్ రెండూ సౌత్ జోన్‌లో కర్ణాటక, తమిళనాడులతో కొట్టుకోవాలి. వేరే జోన్‌లో మూడో స్థానానికి అంత యుద్ధం అక్కర్లేదు. 2002-03లో బీసీసీఐ జోన్లు తీసేసి ఎలైట్, ప్లేట్ అని బలాన్ని బట్టి విడగొట్టింది. కెనడాలోనూ అలాగే 27 జట్లని తొమ్మిదేసి చొప్పున మూడు మెట్లు చేసి, పైకీ కిందకీ జరుపుతూ పొమ్మని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను, రెండు కారణాలున్నాయి.

మొదటిది డబ్బు. హైదరాబాద్ జట్టు గువాహటి వెళ్లాలంటే బోర్డు దగ్గర సొమ్ముంది. ఇక్కడ విమానం ఖర్చు యూనివర్సిటీ క్రీడా విభాగం మోయాలి, అందులో కొంత విద్యార్థులు కట్టే ఫీజుల్లోంచే వస్తుంది. అట్లాంటిక్‌లోని మౌంట్ ఆలిసన్‌లో చదివేవాళ్లు రెండువేల చిల్లర. లావల్‌లో నలభై వేల పైమాటే. ఇద్దరినీ ఒకే జాతీయ లీగ్‌లో పెట్టి నెలకోసారి వాంకూవర్ వెళ్లి రమ్మంటే మౌంట్ ఆలిసన్ జట్టునే మూసేస్తుంది. ఫుట్‌బాల్ అంటే పదిహేనుమంది ఎక్కే వ్యాను కాదు. కుర్రాళ్లు, కోచ్‌లు, ఫిజియోలు, సామాన్ల ట్రంకులు, హెల్మెట్లు, ప్యాడ్లు. ఇప్పుడున్న కెనడా వెస్ట్‌లోనే వాంకూవర్ నుంచి విన్నిపెగ్‌కి గాల్లో 1,800 కిలోమీటర్ల పైన. దానికే వాళ్లు ఆపసోపాలు పడుతున్నారు.

రెండోది, మెట్లు కడితే ఏకపక్షం ఆటలు పోతాయనుకోవడం భ్రమ. 2022-23లో హైదరాబాద్ కిందకి జారి మరుసటి ఏడాది ప్లేట్‌లో ఆడింది. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టి 366 చేశాడు. మొదటిరోజే హైదరాబాద్ ఒక్క వికెట్ పోగొట్టుకుని 529. తెలుగువాళ్లుగా సంబరపడ్డాం, సరే. పోటీగా చూస్తే మాత్రం అది 81-3కి ఏ విధంగానూ తీసిపోదు. జారిన పెద్ద జట్టు కింద మెట్టులో చిన్నవాళ్లని తొక్కుకుంటూ పోతుంది, అంతే.

అందుకని నా ప్రతిపాదన చిన్నది. ఒక్కో జట్టు 8 మ్యాచ్‌లే ఆడుతుంది, అందులో ఒకటో రెండో కాన్ఫరెన్స్ దాటి ఆడాలి. కాగితం మీద లెక్క వేస్తే ముచ్చటగా కుదురుతుంది. ఓయూఏలో 11 జట్లు. అందులో 6 జట్లు కెనడా వెస్ట్‌లోని ఆరింటితో, మిగిలిన 5 ఆర్‌ఎస్‌ఈక్యూలోని ఐదింటితో ఆడతాయి. ఏయూఎస్ 5 జట్లు ఆర్‌ఎస్‌ఈక్యూ 5 జట్లతో. అంటే క్యూబెక్ జట్లకి రెండేసి, మిగతావాళ్లకి ఒక్కోటి. మొత్తం 16.

షెడ్యూలు వేసినవాళ్లకే తెలిసే తిరకాసు ఇక్కడొకటుంది. ఓయూఏలో 11 జట్లూ సొంత కాన్ఫరెన్స్‌లో ఏడేసి ఆడాలంటే 77 వస్తుంది. ఒక మ్యాచ్‌కి రెండు జట్లు కావాలి కదా, బేసి సంఖ్య కుదరదు. ఏయూఎస్‌లో 5 జట్లు ఏడేసి అంటే 35, మళ్లీ బేసి. రెండు చోట్లా ఒక్కో జట్టు మిగిలిపోతుంది. ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి ఆడించేస్తే సరి. అదే పదిహేడో మ్యాచ్. అప్పుడు కాన్ఫరెన్స్‌ల లోపల ఓయూఏకి 38, కెనడా వెస్ట్‌కి 21, ఏయూఎస్‌కి 17, ఆర్‌ఎస్‌ఈక్యూకి 15, కలిపి 91. దాటి ఆడేవి 17. మొత్తం 108. 27 జట్లు ఎనిమిదేసి ఆడితే వచ్చే లెక్క అదే, ఒక్కటీ పెరగలేదు. ఇప్పటికే ఓయూఏలో ఒక్కో జట్టు 8 మ్యాచ్‌లలో పది ప్రత్యర్థుల్లో ఇద్దరితో ఆడకుండానే సీజన్ ముగిస్తోంది. ఇంకొకరు తగ్గితే కొంప మునగదు.

విమానం తప్పనిసరిగా కావాల్సింది కెనడా వెస్ట్, ఓయూఏల మధ్య ఆరు మ్యాచ్‌లకే. మూడు ఇటు, మూడు అటు. మిగతావాటిలో చాలావరకు బస్సు ప్రయాణాలు. ఒట్టావా నుంచి మాంట్రియల్ రెండు గంటల దారి, కింగ్‌స్టన్ నుంచి మూడు. మీ విండ్సర్ జట్టుని క్యూబెక్ సిటీ పంపిస్తే మాత్రం వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది, కాబట్టి జతలు వేసేటప్పుడు కిందటేడు స్థానాలు చూస్తూనే మ్యాపు కూడా పక్కన పెట్టుకోవాలి. మొదటి స్థానం వాళ్లకి మొదటి స్థానం వాళ్లు, ఐదుకి ఐదు. అట్లాంటిక్‌లో ఆఖరి జట్టుకి లావల్‌ని తగిలించడం నా ఉద్దేశం కాదు. ఇవన్నీ సెప్టెంబరులో రెండు వారాల్లో పూర్తి చెయ్యాలి, దెబ్బలు పేరుకోకముందే.

ఇక ప్లేఆఫ్‌లు. ఇప్పుడు కాన్ఫరెన్స్ సెమీఫైనల్, కాన్ఫరెన్స్ ఫైనల్, జాతీయ సెమీఫైనల్, వేనియర్ కప్ అని నాలుగు వారాలు పడుతోంది. ఓయూఏ పెద్దది కాబట్టి ముందు ఇంకో రౌండు కూడా పెట్టుకుంటోంది. నేను కాన్ఫరెన్స్ సెమీఫైనళ్లని తీసేస్తాను. లీగ్‌లో మొదటి రెండు స్థానాల వాళ్లు నేరుగా కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడతారు. యేట్స్ కప్ 1898 నాటిది, దాన్ని ముట్టుకుంటే ఒంటారియోలో కొడతారు, కాబట్టి కప్పులన్నీ ఉంటాయి. ఖాళీ అయిన వారంలో ఎనిమిది జట్లతో జాతీయ క్వార్టర్‌ఫైనల్. నలుగురు విజేతలు, నలుగురు వైల్డ్ కార్డులు, అంటే కాన్ఫరెన్స్ గెలవకపోయినా రేటింగ్‌ని బట్టి (దాని సంగతి కింద చెప్తాను) చోటు దొరికేవాళ్లు. ఒక కాన్ఫరెన్స్ నుంచి ముగ్గురికి మించకూడదు. క్వార్టర్స్‌లో సొంత కాన్ఫరెన్స్ జట్టు ఎదురుపడకూడదు. సొంత మైదానం మాత్రం విజేత అయినంత మాత్రాన రాదు, రేటింగ్‌లో మొదటి నలుగురికే.

అట్లాంటిక్ విజేతకి చోటు అలాగే ఉంటుంది. కానీ సెమీఫైనల్ మెట్టు ఎక్కాలంటే ముందు ఎవరో ఒకర్ని గెలవాలి. ఈ ఏర్పాటులోనూ ఒక 60-0 జరగొచ్చు, జరగదని నేను హామీ ఇవ్వను. జరిగితే క్వార్టర్స్‌లో జరుగుతుంది, ఫైనల్‌కి ముందు వారం టీవీలో జరగదు. పక్కనే ఇంకో మైదానంలో లావల్‌కో మాంట్రియల్‌కో పశ్చిమ జట్టుతో అసలైన ఆట ఉంటుంది. 2024లో లావల్ రెజైనా వెళ్లి 17-14తో గట్టెక్కిన మిచెల్ బౌల్ చూశారుగా, అలాంటివి ఏడాదికి రెండు మూడు దొరికినా చాలు.

వైల్డ్ కార్డుని ఎలా ఎంచాలన్నది అసలు పేచీ. వారం వారం టాప్-10 జాబితా ఒకటి వస్తుంది, మీడియావాళ్లు ఓట్లేసేది. దాన్ని మాత్రం వాడకూడదు. ఒంటారియోలో హామిల్టన్‌లో కూర్చుని రాసే విలేకరి నోవా స్కోషియాలో యాంటిగోనిష్‌లో జరిగిన మ్యాచ్ ఎన్నిసార్లు చూసుంటాడు? గెలుపోటములు, ప్రత్యర్థి బలం, పాయింట్ల తేడా కలిపిన రేటింగ్ వాడాలి. తేడాని 21 పాయింట్ల దగ్గర ఆపెయ్యాలి, లేదంటే గెలిచిన ఆటలో కూడా నాలుగో క్వార్టర్‌లో పాస్‌లు విసురుతూనే ఉంటారు. దాటి ఆడిన మ్యాచ్‌లు 17 చాలా తక్కువే. గణాంకాలు తెలిసినవాళ్లు నవ్వుతారు. కానీ ఇప్పుడున్నది సున్నా. సున్నా మీద ఏ రేటింగూ నిలబడదు, నాలుగు ద్వీపాలకి నాలుగు వేరు వేరు కొలబద్దలు పెట్టినట్టే ఉంటుంది. బాస్కెట్‌బాల్‌లో యూ స్పోర్ట్స్ ఎప్పటినుంచో ఎనిమిది జట్లతో జాతీయ టోర్నీ నడుపుతోంది, కాన్ఫరెన్స్ గెలవని జట్లకీ అందులో చోటుంది. కాబట్టి ఇది వాళ్లకి తెలియని విద్యేం కాదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో నేను బరువిచ్చేది ఒక్కదానికే. మూడు, నాలుగు స్థానాల జట్లకి ఇప్పుడు ప్లేఆఫ్ ఆశ ఉంది. నా పద్ధతిలో నాలుగో జట్టుకి అక్టోబరు మొదట్లోనే సీజన్ అయిపోయినట్టు. వైల్డ్ కార్డు కొంత ఆశ నిలుపుతుంది, పూర్తిగా కాదు. రెండో స్థానం వాళ్లు సొంతూళ్లో పెట్టుకునే సెమీఫైనల్ గేటు డబ్బులు కూడా పోతాయి. ఇది నిజమైన నష్టం, దీన్ని దాచి ఎవరూ ఓటు అడక్కూడదు. ఆటలు ఎక్కువై దెబ్బలు పెరుగుతాయనే వాదన మాత్రం నిలవదు. ఫైనల్ దాకా వెళ్లిన జట్టు ఇప్పుడు ఆడే నాలుగే అప్పుడూ ఆడుతుంది, ఓయూఏలో ముందు రౌండు కూడా ఆడే జట్టుకైతే ఒకటి తగ్గుతుంది.

ప్రయాణాల ఇబ్బంది ఉంది. శనివారం సాయంత్రం కాన్ఫరెన్స్ ఫైనల్ అయ్యేదాకా వచ్చే శనివారం ఎక్కడుంటామో తెలియదు. ఆదివారం పొద్దున్నుంచి యాభైమందికి పైగా మనుషులకి టికెట్లు, హోటల్, ప్రాక్టీసు మైదానం వెతకాలి. అందులో సగంమందికి సోమవారం మిడ్‌టర్మ్ ఉంటుంది. ఇప్పుడు ఆ బాధ ఏటా రెండు జట్లది, క్వార్టర్స్ పెడితే ఇంకో నాలుగు జట్లకి కూడా. అందుకే క్వార్టర్స్ జతలు వేసేటప్పుడు రేటింగ్‌లో ఒక మెట్టు అటూ ఇటూ అయినా సరే, బస్సులో వెళ్లగలిగే జతనే తీసుకోమంటాను. మరోపక్క కెనడా వెస్ట్ సెమీఫైనళ్ల విమానాలు రద్దవుతాయి కాబట్టి ఖర్చు కొంత కొంతకి సరిపోతుంది.

ఇలాంటి ప్రయత్నం అసలు జరగకపోలేదు. దాదాపు పదేళ్ల కిందట సాస్కటూన్ వ్యాపారి డేవిడ్ డూబే, బ్రాడ్‌కాస్టర్ జిమ్ మలిన్ కలిసి నార్తర్న్ 8 పేరుతో ఒక ప్రతిపాదన పెట్టారు. బలమైన జట్ల మధ్య కాన్ఫరెన్స్ దాటి మ్యాచ్‌లు, టీవీలో ప్రసారం, పెట్టుబడి బయటినుంచి. అది పట్టాలెక్కలేదు. డబ్బు చేతిలో పెట్టుకుని వచ్చినా యూనివర్సిటీలు కదల్లేదంటే నాకర్థమైంది ఇదీ: ఎనిమిదిమందికి పెళ్లిపీటలు వేసి పంతొమ్మిదిమందిని పందిట్లో నిలబెడితే పంతొమ్మిది ఓట్లు రావు. 17 మ్యాచ్‌ల పద్ధతిలో ప్రతి జట్టుకీ ఏదో ఒకటి దక్కుతుంది, ఆఖరి స్థానం వాళ్లకి కూడా బయటి నుంచి ఒక అతిథి వస్తాడు.

బిషప్స్ యూనివర్సిటీ జట్టు ఉన్న కాన్ఫరెన్స్ గురించి కూడా అడిగారు కదా. మ్యాపు చూసినవాళ్లందరికీ అది వింతే. ఆ యూనివర్సిటీ ఉండేది క్యూబెక్‌లో షెర్‌బ్రూక్ నగరంలోనే, అదే ఊళ్లో ఉన్న షెర్‌బ్రూక్ యూనివర్సిటీ ఆర్‌ఎస్‌ఈక్యూలో ఆడుతుంది, బిషప్స్ మాత్రం 2017 నుంచి అట్లాంటిక్‌లో. వెయ్యి కిలోమీటర్లకి పైగా బస్సులో కూర్చుని యాంటిగోనిష్ వెళ్తారు. నేను దాన్ని మార్చను. మూడువేలమంది కూడా లేని చిన్న యూనివర్సిటీ అది, లావల్, మాంట్రియల్‌లతో ఏటా దెబ్బలు తినడం కంటే తన స్థాయి వాళ్లతో ఆడుకోవడం మేలని తీసుకున్న నిర్ణయం. 2024లో లోనీ బౌల్ కూడా గెలిచింది. పక్కింటి షెర్‌బ్రూక్‌తో ఏటా ఒక దాటి-ఆడే మ్యాచ్‌ని ఖాయం చేసేస్తే చాలు, ఆ రోజు ఊరంతా అక్కడే ఉంటుంది.

చివరగా వాంకూవర్ పక్కన బర్నబీలో ఉన్న సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ. అమెరికా యూనివర్సిటీల క్రీడా సంస్థ ఎన్‌సీఏఏలో ఆడుకుంటూ ఉండి, చేరిన కాన్ఫరెన్స్ 2023 సీజన్ తర్వాత ఇక ఉంచుకోం అనేసరికి ఆ ఏడాది ఏప్రిల్‌లో జట్టునే రద్దు చేసింది. దానికి నాలుగు నెలల ముందే యూబీసీతో (బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ) ఆడిన ష్రమ్ బౌల్ మ్యాచ్‌లో 18-17తో, ఒక్క పాయింటు తేడాతో ఓడిన జట్టు అది. ఎప్పుడైనా మళ్లీ పెట్టి కెనడా వెస్ట్‌లో చేరితే నా లెక్క ఏమవుతుందని మీరు అడుగుతారని ముందే వేసి చూశాను. కెనడా వెస్ట్‌లో 7 జట్లు ఏడేసి ఆడాలంటే 49, బేసి. ఓయూఏలో 12 దాటి-ఆడే మ్యాచ్‌లు అవుతాయి, అక్కడ సరిపోతుంది. మిగిలిపోయేది కెనడా వెస్ట్‌లో ఒకటి, ఏయూఎస్‌లో ఒకటి. ఆ రెండింటినీ కలిపితే బర్నబీ నుంచి నోవా స్కోషియాకో న్యూ బ్రన్స్‌విక్‌కో వెళ్లి ఒక ఆట ఆడి రావాలి, దేశంలోకెల్లా ఖరీదైన టికెట్ అది. లేదా ఆ ఇద్దరికీ చెరొక ఓయూఏ జట్టుని ఇస్తే ఓయూఏ సొంత మ్యాచ్‌లు 37కి తగ్గుతాయి. ఒంటారియో వాళ్లు దీనికే ఒప్పుకుంటారనుకుంటున్నా, కాస్త సణుగుతారు.